మూడు పద్దుల బంచరాయి

ప్రభుత్వం మంచిది. పంచాయతీ సమితి ఆఫీసులో లెక్కల గుమాస్తాగా చేరిన నాటి నుంచి ఈ మాట నమ్ముతున్నాను. ఇక ముందు కూడా నమ్మాలి, ఇల్లు గడవాలి కదా. చిక్కల్లా ఏమిటంటే, దానికి ఒకేసారి మూడు మంచి పనులు చేయాలన్న కోరిక పుట్టినప్పుడు ఎక్కడో ఒక ఎర్రగుంటపల్లి అడ్డంగా దొరుకుతుంది.

1962 ఫిబ్రవరిలో మా ఆఫీసుకు హైదరాబాదు నుంచి ఒక కాగితం వచ్చింది. భువనగిరికీ ఆలేరుకూ మధ్య ఒక పెంకుటింట్లో మా ఆఫీసు. ఆ ఏడాది బడ్జెట్టులో ఖర్చు పెట్టే ప్రతి రూపాయీ మూడు లక్ష్యాల మధ్య సమతూకంగా ఉండాలని ఆ కాగితం చెప్పింది. ఉత్పత్తి పెరగాలి. ఇల్లు లేనివాడికి ఇల్లు దొరకాలి. చెట్లు పెరిగి నేల కొట్టుకుపోకుండా ఆగాలి. ఒకదాని కోసం ఇంకొకదాన్ని చంపకూడదు. నిజం చెప్పొద్దూ, చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. అన్నిటికంటే కింద, సంతకం పైన, చిన్న వాక్యం ఉంది. మార్చి ముప్పై ఒకటిలోగా ఖర్చు కాని డబ్బు వెనక్కి పోతుంది.

మా బీడీవో గారు కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చినవారు. చెడ్డవారు కారు. లంచం ముట్టరు, ఎవరినీ తిట్టరు, జీపులో పెట్రోలు కూడా సొంత పనికి వాడరు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, డబ్బు వెనక్కి పోవడమంటే భయం. అంతకు ముందు సంవత్సరం రెండు వేల మూడు వందలు వెనక్కి పోతే పైనుంచి సంజాయిషీ అడిగారట. అప్పటినుంచి ఆయనకు మార్చి నెల వస్తే అన్నం సయించేది కాదు.

మూడు పద్దులకూ డబ్బుంది, జాగా లేదు. మంచి నేలలన్నీ పెద్దలవి. వాటి జోలికి వెళ్తే మనం ఆఫీసుకు తిరిగొచ్చేలోపే హైదరాబాదు నుంచి ఫోను వస్తుంది. అప్పుడు పట్వారి నక్షా విప్పి ఎర్రగుంటపల్లి శివారులో నూరెకరాల బంచరాయి చూపించాడు. ఊరి జీవాలు మేయడానికి తాతల నాటి నుంచి వదిలిన ఉమ్మడి భూమి అది. పేరు మీద సొంతదారు ఎవరూ లేరు కనుక ఫోను చేసేవాళ్లు కూడా ఎవరూ ఉండరు.

మార్చి మొదటి వారంలో జీపులో వెళ్లి చూశాం. ఎండిన గడ్డి, నల్లటి రాతి గుండ్లు, కనుచూపు మేర ఒక్క జీవం లేదు. బీడీవో గారు టోపీ తీసి చెమట తుడుచుకుని, ఇంత నేల ఎవరికీ పనికి రాకుండా పడి ఉందా అని బాధపడ్డారు.

అది నిజం కాదని నాకు తెలుసు. మా అమ్మ పుట్టిల్లు ఆ పక్క ఊరే. కోతలు అయిపోయాక ఎండాకాలమంతా కురుమలు మందలను తోలుకుని ఊళ్ల మీద పోతారు. రైతులు పిలిచి తమ పొలాల్లో మంద పెట్టించుకుంటారు. రాత్రంతా గొర్రెలు చేలో పడుకుంటే ఆ పెంటికతో, ఆ ఉచ్చతో నేల బలుస్తుంది, దానికి రైతు జొన్నలు కొలుస్తాడు. వానలు పడి చేలల్లో విత్తనం పడగానే ఏ రైతూ రానివ్వడు. అప్పుడు మందలు ఇంటికొస్తాయి. మృగశిర నుంచి మళ్లీ కోతల దాకా వాటికి ఈ బంచరాయి తప్ప ఇంకో దిక్కు లేదు. ఇదంతా అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఎండగా ఉంది, ఆకలిగా ఉంది, పైగా నన్నెవరూ అడగలేదు.

బంచరాయి తీసుకోవడానికి ఒక నియమం ఉంది. ఊళ్లో ఉన్న జీవాలకు సరిపడా మేత భూమి వదిలి, మిగిలింది మాత్రమే తీసుకోవాలి. ఎకరానికి ఎనిమిది గొర్రెలని లెక్క. రైతుల ఎడ్లకు వాళ్ల గట్లున్నాయి కాబట్టి తేల్చాల్సింది గొర్రెలే. వాటిని లెక్కపెట్టి రమ్మని గ్రామసేవకుడు ఐలేశాన్ని పంపించారు.

మా వైపు కురుమల ఇంటికి వెళ్లి మీకెన్ని గొర్రెలున్నాయని అడగడం, కొత్త కోడల్ని మొగుడి పేరు చెప్పమనడం లాంటిది. దానికి రెండు కారణాలు. మందను నోటితో ఎంచితే కులదేవుడు బీరప్పకు కోపం వస్తుందని, ఆనాటి నుంచి తరుగుదల మొదలవుతుందని వాళ్ల నమ్మకం. రెండోది పుల్లరి. మేసే తలకు ఇంతని పన్ను. నిజాం కాలంలో అది వసూలు చేసిన జవాన్ల దెబ్బలు తాతలు తిన్నారు, ఆ కథలు మనవలు విన్నారు. రాజ్యం మారి పద్నాలుగేళ్లయినా, చేతిలో కాగితం పట్టుకుని గొర్రెల సంగతి అడిగేవాడు పుల్లరివాడు కాడంటే వాళ్లు నమ్మరు. పదిహేనుంటే ఒకటి చెప్పడం వాళ్ల దృష్టిలో అబద్ధం కానే కాదు, గొర్రెను తోడేలు నుంచి కాచుకోవడం ఎలాగో ఇదీ అలాగే.

ఎర్రగుంటపల్లిలో కురుమల ఇళ్లు ఏడు. అందరికంటే పెద్ద మంద చెన్నయ్యది. నూటయాభైకి పైగా ఉంటాయి. పెద్ద మంద ఉన్నవాడికి పెద్ద భయం, అందుకని అతను అందరికంటే చిన్న అంకె చెప్పాడు. తొమ్మిది అన్నాడు. ఐలేశం తల వంచుకుని తొమ్మిది అని రాసుకున్నాడు. తర్వాత వాడే నాతో నవ్వుతూ అన్నాడు, అలా చెప్పినప్పుడు చెన్నయ్య వెనక దడి మీద ఆరేసిన గొంగళ్లే పదకొండు ఉన్నాయని. ఏడిళ్ల వాళ్లూ చెప్పింది కలిపితే ఎనభై. అసలు వెయ్యికి తక్కువ ఉండవని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. గొర్రెలు ఎనభై అని కాగితం మీద రాసింది మాత్రం నేనే, గుండ్రటి అక్షరాలతో.

ఎనభై గొర్రెలకు పదెకరాలు చాలు. మిగిలింది తొంభై. పదెకరాల్లో ఇరవై ఇళ్లు, ఎనభై ఎకరాల్లో వేప, చింత మొక్కలు, ఆ పదెకరాల మేతలో ఉత్పత్తి పెంచడానికి సర్కారు ఫారం నుంచి మేలుజాతి పొట్టేలు. నూరెకరాలు మూడు పద్దుల్లో అంగుళం మిగలకుండా ఒదిగిపోయాయి. ఆ రాత్రి బీడీవో గారు చాలా రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నారని వంటమనిషి చెప్పింది. పథకానికి సమతుల గ్రామం అని పేరు పెట్టారు.

ఒప్పుకోలు కాగితం మీద కురుమల కులపెద్ద కాటమయ్య వేలిముద్ర కూడా తీసుకున్నాం. మీకు ఇళ్లొస్తున్నాయని చెప్పాం. అది అబద్ధం కాదు. ఎక్కడొస్తున్నాయో అతను అడగలేదు, మేము చెప్పలేదు. మార్చి ముప్పై ఒకటి సాయంత్రానికి పునాదులు లేచాయి, గుంతలు పడ్డాయి, డబ్బు మొత్తం ఖర్చయింది. ఒక్క నయాపైసా కూడా వెనక్కి పోలేదు.

మృగశిర కార్తె వచ్చింది. మందలు ఇంటికొచ్చాయి. వచ్చేసరికి వాటి ఇంటి చుట్టూ కందకం తవ్వి ఉంది, కందకం మీద కంప వేసి ఉంది, కంప దగ్గర కర్ర పట్టుకుని కావలివాడు ఉన్నాడు.

పదెకరాల మేత భూమి వదిలామని చెప్పాను కదా. అది గుండ్ల అవతల ఉంది. అక్కడికి పోవాలంటే మొక్కల్లోంచే దారి. మొక్కల్లోకి జీవాలు అడుగు పెడితే బందెలదొడ్డికి తోలాలని ఉత్తర్వు. అంటే గొర్రె మేయడానికి పోవడం తప్పు కాదు, పోతున్న దారిలో ఉండడం తప్పు. ఈ సంగతి బీడీవో గారికి చెప్పాను, ఈసారి ధైర్యం చేసే చెప్పాను. ఆయన నక్షా చూసి, నిజమే, దారికి ఒక పద్దు పెట్టాలి, వచ్చే బడ్జెట్టులో చూద్దాం అన్నారు.

ఇక ఇళ్లు. రాతి గోడలు, పెంకు కప్పు, వరసకు పది చొప్పున రెండు వరసలు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. ముందు మందను ఆపుకునే వాకిళ్లు మాత్రం లేవు. మనుషుల ఆరోగ్యం కోసం కాలనీలోకి గొర్రెలను తేరాదని నియమం. కురుమ ఇంటికి మందదొడ్డి లేకపోవడమంటే ఏమిటో ఆ నక్షా గీసిన ఇంజనీరుకు తెలియదు. చెన్నయ్య భార్య గుర్వమ్మ తాళంచెవి పుచ్చుకోవడానికి వచ్చి, ఇల్లంతా కలియదిరిగి, జీవాలు బయట, మేము లోపలా అని అడిగింది. అంతేనమ్మా అన్నాను. తాళంచెవి కొంగున ముడేసుకుని పాత గుడిసెకే పోయింది. ఆ ఇంట్లో ఇప్పటికీ గడ్డి మోపులు ఉంటాయి.

గుర్వమ్మ గురించి ఒక మాట చెప్పాలి. సాయంత్రం మంద తిరిగొస్తుంటే ఆమె దొడ్డి దగ్గర నిలబడి చూస్తుంది. అన్నీ లోపలికి పోయాక, బొల్లిది రాలేదు అనో, కుంటిదాని పిల్ల ఏది అనో అంటుంది. ఎన్నడూ తప్పు పోలేదు. నూటయాభై మొహాలూ ఆమెకు తెలుసు. అంకె మాత్రం తెలియదు, తెలుసుకోదు కూడా. అంత పనిమంతురాలిని మా గణాంక శాఖలో నేను చూడలేదు.

జూలైలో పొట్టేలు రైల్లో ఆలేరు స్టేషనుకు వచ్చింది. ఒళ్లంతా ఉన్ని, చెవికి ఇత్తడి బిళ్ల, వెంట ఒక పుస్తకం. ఏ పూట ఏం పెట్టాలో అందులో రాసి ఉంది. పొద్దున నానబెట్టిన సెనగలు, మధ్యాహ్నం పచ్చగడ్డి, రాత్రి తవుడు. గుర్వమ్మ ఇంట్లో మనుషులకు ఆ మూడూ ఒకే రోజు దొరికిన సందర్భం నాకు తెలిసి లేదు. ఆ పొట్టేలును ఎవరికివ్వాలి అంటే అందరికంటే బీదవాడికి. అందరికంటే బీదవాడెవడంటే తొమ్మిది గొర్రెలున్నవాడు. అలా ఊళ్లో అన్నిటికంటే పెద్ద మందకు సర్కారు పొట్టేలు వచ్చింది.

కాలనీలోకి గొర్రెలు రాకూడదు, కానీ పొట్టేలు సర్కారు ఆస్తి కనుక తనిఖీకి వీలుగా కాలనీ ఇంటి ముందే కట్టేయాలన్నారు. నెలన్నర కట్టేశారు. పుస్తకంలో ఉన్న సెనగలు చెన్నయ్య ఎక్కడ తెస్తాడు? ఒకనాడు అది తాడు తెంపుకుని ఎదురుగా ఉన్న చింతమొక్కలు పదమూడు తినేసింది. కావలివాడు ఉత్తర్వు ప్రకారం బందెలదొడ్డికి తోలాడు. విడిపించుకోవడానికి మూడు రూపాయలు చెన్నయ్యే కట్టాలి. సర్కారు పొట్టేలు సర్కారు ఇంటి ముందు సర్కారు మొక్కలు తింటే సర్కారు దొడ్డిలో పెట్టి చెన్నయ్య దగ్గర జుర్మానా తీసుకున్నాం. అతను డబ్బు కడుతూ నన్నొక ప్రశ్న అడిగాడు, తను చేసిన తప్పేంటో చెప్పమని. నేను రశీదు రాసి చేతికిచ్చాను.

సెప్టెంబరు మొదట్లో ముసురు పట్టింది. ఉన్ని అంతా తడిసి, పొట్టేలు నాలుగు రోజులు దగ్గి చచ్చిపోయింది. మా ఊళ్ల గాలికి, మా నీళ్లకు దాన్నెవరూ అలవాటు చేయలేదు. చెవి బిళ్ల మాత్రం జాగ్రత్తగా కోసి ఆఫీసులో దాఖలు చేయించాం.

ఆ వానాకాలం ఏడిళ్ల గొర్రెలూ పదెకరాల మీద పడ్డాయి. ఆషాఢం దాటేలోపే నేల గీకినట్టయింది. తర్వాత ఒక్కొక్కళ్లూ దొంగతనంగా మొక్కల్లోకి తోలడం, కావలివాడు పట్టడం, దొడ్డి, జుర్మానా. మిగతా వాళ్లు దూరపు గుట్టలకు పోయారు. చెన్నయ్య మంద పెద్దది, అంత దూరం లేత పిల్లలు నడవలేవు. దసరా నాటికి పద్నాలుగు చచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం పాలిచ్చే తల్లులే. నేను మా అమ్మ పుట్టింటికి పోతూ ఒకనాటి సాయంత్రం అటు వెళ్లాను. గుర్వమ్మ దొడ్డి దగ్గర నిలబడి ఉంది. మంద లోపలికి పోయింది. ఆమె ఏ పేరూ అనలేదు. రానివి ఏవో చెప్పడం మానేసి చాలా రోజులైందని చెన్నయ్య అన్నాడు.

ఆ రోజే నాలో ఏదో కదిలింది. పాపభీతి అంటారా, అనండి. చెన్నయ్యను పక్కకు పిలిచి నియమం విప్పి చెప్పాను. ఎకరానికి ఎనిమిది గొర్రెలు. ఏడిళ్లవీ కలిపితే వెయ్యి. వెయ్యికి నూట ఇరవై ఐదెకరాలు. అంటే ఉన్న బంచరాయే చాలదు, దాన్ని ముట్టుకునే హక్కు సమితికి లేదు. ఎనభై అని రాయబట్టి పోయింది, నిజం రాయిస్తే రావాలి. నా కంటికి నేనే పెద్ద వకీలులా కనిపించాను.

చెన్నయ్యకు అది చిన్న పని కాదు. లెక్క చెప్పడమంటే బీరప్ప కోపం, పుల్లరి భయం, రెండూ ఒక్కసారి నెత్తినేసుకోవడం. కాటమయ్యను, మిగతా అయిదిళ్ల వాళ్లనూ అడిగాడు. ఎవరూ ఒప్పుకోలేదు. నువ్వు చెప్తే మా కొంపలూ కూలుతాయని తిట్టారు కూడా. చివరికి గుర్వమ్మ అంది, ఎంచినా సస్తయి, ఎంచకున్నా సస్తయి, ఎంచు. ఆ మాటతో అతను నిశ్చయించుకున్నాడు.

నవంబరులో జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చే రోజు చూసి చెన్నయ్యకు చెప్పాను. పొద్దున పదింటికి చెన్నయ్య మంద మొత్తాన్ని మా ఆఫీసు ఆవరణలోకి తోలుకొచ్చాడు. కొత్తగా నాటిన పూలమొక్కలు క్షణంలో మాయమయ్యాయి. అటెండరు కర్ర తీసుకుని ఉరికాడు. పెద్ద ఆఫీసరు వరండాలోకి వచ్చి ఏమిటిదని అడిగారు. చెన్నయ్య తలగుడ్డ విప్పి చేతుల్లో పట్టుకున్నాడు.

"లెక్క జెప్పనీకి వచ్చిన దొర. మార్చిల తొమ్మిది అని జెప్పిన. గది అబద్ధం. మీ కండ్ల ముంగట ఎంచుత, రాస్కోండ్రి. రాసి మా బంచరాయి మాకియ్యుండ్రి."

ఎంచాడు. ఒక్కొక్కదాని వీపు మీద చేయి వేసి, గొంతు పైకి తీసి, అందరికీ వినిపించేలా ఎంచాడు. ఇరవై అయినప్పుడల్లా గుర్వమ్మ ఒక గులకరాయి వరండా మెట్టు మీద పెట్టింది. పెడుతున్నప్పుడల్లా ఆమె పెదవులు కదులుతున్నాయి, దేవుడికి ఏం చెప్పుకుందో తెలియదు. ఏడు రాళ్లు, పైన మూడు. నూట నలభై మూడు. నాకు ఏడుపొచ్చింది. ఒక మనిషి ఒట్టి చేతులతో వచ్చి ప్రభుత్వానికి నిజం చెప్పడం నేను చూడడం అదే మొదలు.

పెద్ద ఆఫీసరు గారి మొహం వెలిగింది. మార్చిలో ఎన్నని అడిగారు. తొమ్మిది అని బీడీవో గారు చెప్పారు. ఇప్పుడెన్ని? నూట నలభై మూడు. మధ్యలో ఏం జరిగింది? మేలుజాతి పొట్టేలు ఇచ్చామండి. పెద్ద ఆఫీసరు నా వైపు తిరిగి శాతం ఎంతో చూడమన్నారు. చూశాను. నూటికి వెయ్యిన్ని నాలుగు వందల ఎనభై ఎనిమిది. పంచవర్ష ప్రణాళిక మొత్తంలో ఇంత పెరుగుదల ఎక్కడైనా ఉందా అని ఆయన ఆశ్చర్యపోయారు. ఇళ్లు కట్టి, అడవి పెంచి, భూమి తగ్గించి కూడా ఉత్పత్తి ఇంత పెంచామంటే సమతూకం అంటే ఇదీ అన్నారు.

చెన్నయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కంగారుపడ్డాడు.

"గొర్రె అయిదు నెలలు మోస్తది దొర. గా పొట్టేలు ఉన్నదే రెండు నెలలు. మల్ల యాడికెల్లి పెరుగుతయి? ముందటి నుంచే ఉన్నయి."

పెద్ద ఆఫీసరు వినిపించుకోకుండా కాఫీకి లోపలికి వెళ్లారు. బీడీవో గారు మెట్లు దిగి చెన్నయ్య భుజం మీద చేయి వేశారు. ముందే చెప్పాను, ఆయన ఎవరినీ తిట్టరు.

"చూడవయ్యా, మార్చిలో నువ్వు అబద్ధం చెప్పావని రాస్తే అది నీ ఒక్కడితో పోదు. ఏడిళ్ల వాళ్లనీ పిలిపించాలి. అన్ని మందలూ ఎంచాలి. ఎన్నేళ్ల పుల్లరి ఎగ్గొట్టారో తేల్చాలి. అది పోలీసు వ్యవహారం. అలా కాదు, మందే పెరిగింది అంటావా, నీకూ మంచిది, నాకూ మంచిది. ఏది రాయమంటావో నువ్వే చెప్పు."

పుల్లరి ఆ సంవత్సరం అసలు వసూలు చేస్తున్నారో లేదో నాకే సరిగ్గా తెలియదు. కాగితాల్లో ఉంది. బీడీవో గారికీ తెలిసి ఉండదు. కానీ ఆ మాట చెన్నయ్యకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అతను నా వైపు చూశాడు. వకీలు కదా నేను, ఏదో చెప్తానని చూశాడు. నేను కాగితాల వైపు చూశాను. అతను గేటు బయట నిలబడ్డ కాటమయ్యను చూశాడు, అందరి కొంపలూ నీ నోట్లో ఉన్నాయన్నట్టు ఆ ముసలాయన చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

"పెరిగినయనే రాస్కోండ్రి," అన్నాడు చెన్నయ్య.

రాశాను. అతను తలగుడ్డ చుట్టుకుని మందను తోలుకుపోయాడు. మెట్టు మీది గులకరాళ్లు మాత్రం అటెండరు ఊడ్చి పారేశాడు.

జనవరి ఇరవై ఆరున నల్లగొండలో చెన్నయ్యకు శాలువా కప్పారు. ఆదర్శ గొర్రెల పెంపకందారు అని పత్రం ఇచ్చారు. అది చదివి వినిపించమని నన్నే అడిగాడు. మూడు వాక్యాలు చదివాక, చాలు సారూ అన్నాడు.

ఫిబ్రవరిలో కొత్త బడ్జెట్టు తయారైంది. దారి పద్దు గురించి నేను గుర్తు చేశాను. బీడీవో గారు పథకం ఫైలు తీసి అంతకంటే మంచి ఆలోచన చూపించారు. పదెకరాల్లో మంద దాదాపు పదహారింతలైంది కదా. అంటే ఆ నేల శక్తిని మనం తక్కువ అంచనా వేశాం. అయిదెకరాలు చాలు. మిగిలిన అయిదూ నారుమడికి ఇస్తే చెట్లకూ న్యాయం జరుగుతుంది. ఇంత పెరుగుదల చూపించిన ఊరు కనుక ఉత్పత్తి పద్దు కింద ఈసారి మూడు పొట్టేళ్లు మంజూరయ్యాయి. నేను రాశాను. అక్షరాలు ఇప్పటికీ గుండ్రంగానే వస్తాయి.

అయిదెకరాల కబురు కాటమయ్య ద్వారా చెన్నయ్యకు చేరింది. వచ్చే మృగశిరకు తోలడానికి చోటు లేదని అతనికి అర్థమైంది. ఎండాకాలంలో మంద పెట్టుకునే రైతుల దగ్గరికి ఆ ఏడు పోలేదు. వానలకు ముందే గొర్రెల ధర బాగుంటుంది, మేత లేక బక్కచిక్కాక తోలు కూడా ఎవరూ కొనరని ఎవరో చెప్పారట.

మార్చి నెల మూడో వారంలో నేను పొట్టేళ్లను దించుకోవడానికి ఆలేరు స్టేషనుకు వెళ్లాను. ఐలేశం కూడా వచ్చాడు. గూడ్సు వచ్చి ఆగింది. ఒక పెట్టెలోంచి మా పొట్టేళ్లు దిగుతున్నాయి, చెవులకు కొత్త బిళ్లలు. ఇంకో పెట్టెలోకి గొర్రెలను ఎక్కిస్తున్నారు, సికింద్రాబాదు కబేళాకు పోయేవి. బేరగాడు తలుపు దగ్గర నిలబడి జతలు జతలుగా గట్టిగా ఎంచుకుంటున్నాడు. గుర్వమ్మ అతని పక్కన నిలబడి, వినేవాడు లేకపోయినా, గిది నీళ్లకు బెదురుతది, గది చీకట్ల పడుకోదు, గిదాన్ని పిల్లతోనే ఉంచు అని చెప్తూ ఉంది. వాడు వాటిని రెండు రోజుల కంటే ఎక్కువ ఉంచుకోడని ఆమెకు తెలుసు. అయినా చెప్తూనే ఉంది.

చెన్నయ్య నన్ను చూసి దగ్గరికొచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. బాగున్నారా సారూ అని అడిగాడు. మూడు పొట్టేళ్లలో ఒకటి ఆదర్శ పెంపకందారుడిగా అతని పేరు మీదే వచ్చింది. ఐలేశమే ఆ సంగతి చెప్పి, రశీదు కాగితం, సిరా డబ్బా ముందు పెట్టాడు. నీ మంద ఎక్కుతోంది కదా, మరి దీన్ని ఏం చేస్తావని అడిగేంత తెలివి మా ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది. చెన్నయ్య బొటనవేలు సిరాలో అద్దాడు.

గుర్వమ్మ వెనకనుంచి వచ్చింది. ఇంకా పెట్టె తలుపు దగ్గరే ఉన్న పొట్టేలును ఒకసారి చూసింది. దాని ఉన్ని మీద చేయి వేసి చూసింది.

"గీన్ని గూడ గా పెట్టెలనే ఎక్కియ్యుండ్రి సారూ," అంది నాతో. "దించుడెందుకు, మల్ల ఎక్కిచ్చుడెందుకు."

గూడ్సు కూత పెట్టింది. నేను వేలిముద్ర ఆరిందో లేదో చూసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పొట్టేలును దించుకున్నాను.